గిద్దలూరులో సముద్రం

వ్యయ నామ సంవత్సరం, జ్యేష్ఠ మాసం, గురువారం. గిద్దలూరు స్టేషను దారిలో మా మామ సత్తు గిన్నెల దుకాణం, వెనక పెరడు. హాజరైనవారు: మామ, అత్త, తీరం నుంచి వచ్చిన పడవల పెద్దాయన, నేను. (పక్కింటి గొర్రెలకూ ఇందులో భాగముంది గాని, నా డైరీలో వాటిని చేర్చాలని ఆ రోజు తోచలేదు.)

నా చిన్నతనంలో మా వైపు సముద్రం చూసినవాడు దొరకడం కష్టం. ఆ మాటకొస్తే కొన్నేళ్లు వాన చూసినవాడు దొరకడమూ కష్టమే. అలాంటి ఊళ్లో సముద్రంలో తిరిగే పడవకు రేకులు ఎంచే పని మా మీద పడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మద్రాసులో మిలిటరీ మిగులు సామాను వేలం వేస్తే, బిందెలు, బొక్కెనలు చేయిద్దామని మామ రెండు రకాల సత్తు (అల్యూమినియం) రేకులు పాడి తెచ్చాడు. ఒకటి విమానాలకు వాడే గట్టి రేకు, వంచబోతే ఎదురు తిరిగేది. రెండోది మెతక, కాస్త మసక. ఈ సంగతి విని పెద్దాయన రైలెక్కి వచ్చాడు. పడవ కట్టుకోవాలి, ఉప్పునీళ్లు తినెయ్యని రేకు కావాలి, నెల తర్వాత వస్తాను, ఏదో ఒకటి తేల్చి ఉంచండని చెప్పి వెళ్లాడు.

మామ అప్పుడే తేల్చేశాడు. "విమానం రేకురా అల్లుడా. ఆకాశంలో మునగంది నీళ్లలో మునుగుతాదా?"

"మునిగేదానికి కాదు మామా, ఉప్పుకు చూడాల" అన్నాను. నా ధైర్యానికి కారణం అత్త వంటిల్లు. విమానం రేకు ముక్కతో చేసిన గిన్నెలో ఆమె చింతపండు పులుసు పోసి మరిచిపోతే, అడుగున తెల్లటి పొక్కులు లేచాయి. "మనం పులుసు తినకముందే పులుసు గిన్నెను తినింది" అని అత్త నవ్వింది.

మామ నవ్వలేదు. "పెద్దాయన ముందర నీ మాట నిలిస్తే దుకాణం తాళంచెవి నీకే ఇస్తా. నిలవకపోతే బేస్తవారిపేటకు పోయి మీ నాయన గొర్రెలు కాసుకో." (నన్ను పంపేటప్పుడు నాయన కూడా ఇదే అన్నాడు. నా భవిష్యత్తు విషయంలో పెద్దలిద్దరికీ ఎప్పుడూ భేదాభిప్రాయం లేదు.)

మరి సముద్రం ఎక్కడ తేవాలి? పెరట్లోని రాతి తొట్టినే సముద్రం చేశాను. ఎంత ఉప్పు వేయాలో ఎవరికీ తెలియదు. పులుసు కంటె ఎక్కువ, ఊరగాయ కంటె తక్కువ ఉండొచ్చని అత్త తీర్పు చెప్పి, అనుమానం తీరక ఇంకో రెండు దోసిళ్లు వేసింది. రెండు రేకుల నుంచీ ఒక్కో ముక్క కోసి పగలు తొట్టిలో ముంచేవాణ్ని, సాయంత్రం గోడమీద ఆరబెట్టేవాణ్ని. సముద్రానికి ఆటుపోట్లుంటాయి గదా మరి. దారిన పోయేవాళ్లు తొంగిచూసి "ఏమబ్బా, తుఫాను ఎప్పుడు?" అని అడిగేవాళ్లు.

నెల కావస్తున్నా రెండు ముక్కలూ కడిగినట్టు శుభ్రంగానే ఉన్నాయి. ఒక్క తెల్ల పొక్కు లేదు. ఆ గురువారం సాయంత్రం పెద్దాయన రైలు దిగే వేళకు కారణం నా కంటబడింది. మేత నుంచి వచ్చిన పక్కింటి గొర్రెలు గోడమీది రేకులను ఉప్పు కోసం తన్మయంగా నాకుతున్నాయి. పొక్కి రాలాల్సిన తెల్ల బూడిదంతా నెలరోజులుగా వాటి పొట్టల్లోకి పోయింది.

"రెండూ ఒకటే" అన్నాడు మామ, పెద్దాయనకు కుర్చీ వేస్తూ. "అల్లుడా, బట్టలు సర్దుకున్న్యావా?"

గొర్రెల ఎంగిలి కదా అని అత్త కొంగుతో ముక్కలు తుడవబోయింది. విమానం రేకు మీద కొంగు దారం చిక్కుకుంది. వేలితో తడిమింది. "ఇదేంది, దీని మొగాన అమ్మవారు పోసినట్టుండాది?" నేను లాక్కుని సూర్యుడి వైపు పెట్టి చూశాను. అంచు దగ్గర సూదిమొనంత వెలుగు ఇటువైపుకు వచ్చింది. గొర్రెలు బూడిదను నాకేసినా బొక్కలను నాకలేకపోయాయి. మసక రేకు మాత్రం అరచేయిలా నున్నగా ఉంది.

పెద్దాయన రెంటినీ గోటితో గీకి చూశాడు. "బాగానే ఉంది గాని, నీ తొట్టి సముద్రం ఎట్టా అవుద్దబ్బాయ్?" అని వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ఆయన ముఖం ముడుచుకుంది. తుపుక్కున ఊసి, నోరు పుక్కిలించి, అప్పుడు మాట్లాడాడు. "మా సముద్రం ఇంత ఉప్పుంటే చేపల్ని మేం ఎండబెట్టే పనే లేదు. దీంట్లో నిలిచింది ఎక్కడైనా నిలుస్తది. మసక రేకే ఇవ్వండి, ఉన్నదంతా." (చాలా ఏళ్లకు నేను సముద్రం చూసినప్పుడు ముందు రుచే చూశాను. కాస్త చప్పగా అనిపించింది.)

"మావాడు మొదటినుంచీ అదే చెప్పినాడండీ" అన్నాడు మామ, ఆ ఆలోచన పెంచి పోషించినవాడిలా. అందరి ముందే తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నాకు లోకంలోని పడవలన్నీ నా మాట మీదే తేలుతున్నట్లు అనిపించింది.

మరునాడు పొద్దున దుకాణం తెరుద్దామని ఠీవిగా బయలుదేరితే పెరట్లోంచి మామ కేక వినిపించింది. గోడమీద రేకులు లేకపోయేసరికి గొర్రెలన్నీ తొట్టి చుట్టూ చేరి అంచులు నాకుతున్నాయి. "తాళం తర్వాత తీద్దువులే అల్లుడా. ముందు నీ సముద్ర స్నానానికొచ్చినోళ్లను తోలుకొని పో" అన్నాడు.

గెలిచిన మరునాడే, మొలకు తాళంచెవి, చేతిలో చింతబరికెతో, ఆ విజేత గిద్దలూరు వీధి పొడవునా గొర్రెలు తోలుకుంటూ వెళ్లాడు. తల మాత్రం దించలేదు.