కవాతు బాణీలో కామాలు

ఈ ఏడు ఈస్టరుకు ముందటి మట్టల ఆదివారం మా చర్చి ఊరేగింపు ఎందుకు ఆగి ఆగి నడిచిందో కాజీపేటలో తలా ఒక మాట చెబుతున్నారు. ఎండ అని ఒకరు, మా అత్తమ్మ మోకాళ్లని ఒకరు. అసలు కారణం నాకే తెలుసు కనుక రాసిపెట్టాలి.

ఏటా వచ్చే బ్యాండువాళ్లు ఈసారి ఎవరిదో పెళ్లికి వాయించడానికి ఒప్పుకున్నారు. చర్చి బీరువాలో ఆరు రంధ్రాల రేకు ఈల, టిన్ విజిల్ ఒకటి ఉంది. పదో తరగతితో ఆగిన నన్ను ఆపైన చదివించింది గ్రంథాలయమే. ఆ ఈల నేర్పే పుస్తకం అక్కడుందని, అందులో ఒక పాత కవాతు బాణీ కూడా ఉందని సంఘపెద్దతో గొప్పగా అన్నాను. ఆ వారం ఆరాధనలోనే, ఊరేగింపులో ఊదేది నేనేనని ఆయన ప్రకటించేశాడు.

"మైకుల చెప్పిన బిడ్డా. ఇగ నువ్వు ఊదుడే."

ఊదలేకపోతే అంతమందిలో నా చదువు నవ్వులపాలవుతుంది. కానీ ఊదడానికి చోటేది? గ్రంథాలయంలో దగ్గినా తలలు తిరుగుతాయి. ఇంట్లో, రాత్రంతా రైలు నడిపి వచ్చిన మా ఆయన పగలు పడుకుంటాడు. రెండు గదుల క్వార్టరు, కిటికీలన్నీ మూసి ఉంటాయి. ఒకసారి సన్నగా ఊదానో లేదో, లోపలి నుంచి కేక.

"స్టేషన్ల ఈలలు సాలవా? జర పండనియ్యవే!"

అందుకని వంటగదిలో నిలబడి, ఊపిరి బిగబట్టి, బాణీ మొత్తం వేళ్లతోనే నేర్చుకున్నాను. స్వరాల పైన అక్కడక్కడా కామాలున్నాయి. కామా దగ్గర ఆగాలని నాకొకరు చెప్పాలా? బుద్ధిగా ఆగాను.

ఊరేగింపు రోజు నేను ముందు, మట్టలు పట్టుకుని సంఘమంతా వెనక. మొదటి కామాకు ఆగాను. వెనకే ఉన్న అత్తమ్మ ఒంటికాలి మీద నిలిచిపోయింది.

"గిదేం పాటనే? కాలు లేపినంక ఆపితివి. దించాల్నా, వద్దా?"

అందరూ నవ్వారు. నాకు పారిపోవాలనిపించింది. ఒకపక్క ఆటోలు, మరోపక్క మురికికాలువ, వెనక జనం. ఆగినప్పుడల్లా వెనక అక్కల్లో ఎవరో మడమ తొక్కుతున్నారు. చెప్పు తెగింది. ఇక ఆగే వీల్లేక, కామాకు ముందున్న స్వరాన్ని కాస్త కురచ చేసి, ఆ సందులో గాలి పీల్చి సాగిపోయాను. అడుగులు కలిశాయి. ఆ కామా ఆగమని కాదు, నడుస్తూనే ఊపిరి తీసుకోమని.

చర్చి గేటు దగ్గర సంఘపెద్ద మళ్లీ మైకు అందుకున్నాడు. వచ్చే ఏడు కూడా నేనేనట. నన్నడగలేదు.

బీరువాలోని ఈల తీసిచ్చిన సంఘపెద్దకు, గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రేరియన్ గారికి, డ్యూటీ మార్చుకుని చివరి వరసలో నడిచిన మా ఆయనకు, నోరు ఊరుకోని అత్తమ్మకు కృతజ్ఞతలు. అందరికంటే ముందు నా మడమలు తొక్కిన అక్కలకు. వాళ్లు ఆగి ఉంటే నేనక్కడే ఆగిపోయేదాన్ని.