గుర్తుకర్ర పీకిన సాయంత్రం

మా చిన్నప్పుడు... మా దీవిలో, డిగ్నాబాద్ ఒడ్డున, మా చిన్నమ్మ చేపలు ఎండబెట్టే పందిరి వెనక ఒక దెయ్యాన్ని నిలబెట్టాను. చీర చిన్నమ్మదే. తల, మసికుండ. మధ్యాహ్నం కునుకు తీసి వచ్చిన చిన్నమ్మ దాన్ని చూసి పెట్టిన కేకకి పందిరి మీద కాకులన్నీ లేచిపోయాయి.

"ఓలమ్మో! ఎవుర్తివే నువ్వు? నా సీర కట్టీసినావేటి?" అని దెయ్యాన్నే నిలదీసింది. మా చిన్నమ్మ అంతే... ప్రాణం పోయినా పర్లేదు, చీర పోకూడదు.

నాకప్పుడు పదేళ్ళు. నవ్వీ నవ్వీ ఆకలేసి ఇంటికి పోయాను. చిన్నమ్మేమో దాని ఒంటి మీంచి తన చీర లాక్కుని, "కాకులు రావట్నేదు, ఉండనీ" అని దానికో తెల్ల పిండిసంచి తొడిగి వదిలేసింది.

ఇంతకీ ఆ దెయ్యానికి వెన్నెముక ఏదో చెప్పలేదు కదూ... ఒడ్డున పాతిన గుర్తుకర్ర. నేనే పీకాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా ఒడ్డు ముందు నీళ్ళలో అంతా రాళ్ళు. మధ్యలో ఒక్క పడవ పట్టే సందు. మిగతావాళ్ళు పడవలు జెట్టీ దగ్గర కట్టేవారు, ఆ సందులోంచి వచ్చేది మా నాన్న ఒక్కడే. దారి తప్పకుండా రెండు కర్రలు పాతుకున్నాడు. నీటి అంచున తెల్లగుడ్డ కర్ర, పైన దిబ్బ మీద ఎర్రగుడ్డ కర్ర. సముద్రం మీంచి చూస్తే రెండూ ఒకదాని వెనక ఒకటి రావాలి. వచ్చాయంటే తిన్నగా తెడ్డు వేసుకుంటూ వచ్చేయడమే.

ఆ తెల్లకర్ర ఇప్పుడు ఇరవై అడుగులు పక్కకి జరిగి, తెల్లసంచి తొడుక్కుని, పందిరి మీంచి పైకి కనిపిస్తూ కాకుల్ని తోలుతోంది.

ఈ సంగతి నాకు ఎప్పుడు గుర్తొచ్చిందంటే... పొద్దు వాలుతున్నప్పుడు. గాలి తిరిగి, నాన్న పడవ వచ్చే వేళైనప్పుడు.

మా ఇంట్లో ముందుచూపు అనే మాట పొద్దస్తమానం నలిగేది. ఒక్కొక్కరికి ఒక్కోలా. నాయనమ్మకి అది దేవుడిచ్చిన చూపు. శ్రీకాకుళం వైపు వాళ్ళ ఊళ్ళో పూనకమొచ్చి జరగబోయేది చెప్పే ముసలమ్మకి ఉండేదట, ఇంకెవరికీ లేదట. ఆ రోజుల్లో ఆ మాటంటే చేతులు జోడించేవారట. మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి అది అటకెక్కింది... ఉల్లిపాయల బుట్ట, కిరసనాయిలు డబ్బా, ఉప్పుచేప. వానాకాలం మద్రాసు ఓడ ఆలస్యమైతే ఏం తింటాం అని. బళ్ళో పంతులుగారు దాన్నే 'దూరదృష్టి' అని పలక మీద పదిసార్లు రాయమన్నారు. ఐదోసారికి గోడ దూకాను. నా చదువు గురించి ఇంతకన్నా అడక్కండి.

నాన్న నోట మాత్రం ఆ మాట ఒక్కసారే విన్నాను. అది తర్వాత.

ఆ సాయంత్రం ఒడ్డుకి పరిగెత్తాను. పోటు ఎక్కేసింది. కర్ర పీకిన గుంత నీళ్ళ కింద. ఇక్కడా... అక్కడా... కాళ్ళతో తడిమాను, అంతా ఇసకే. ఇంటికొచ్చాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ వచ్చాను.

"ఏటే గుంటా, కాలు నిలవట్నేదు? సీమలు కుట్టినాయా?" అంది అమ్మ.

చెబితే చీపురు తిరగేస్తుంది. చెప్పకపోతే... మళ్ళీ ఒడ్డుకే పరిగెత్తాను.

ఇంతలో పడవ కనిపించింది. నాన్న దెయ్యం తెల్లసంచినే తెల్లకర్ర అనుకుని, ఎర్రకర్రతో కలుపుకుంటూ వస్తున్నాడు. అంటే తిన్నగా రాళ్ళ మీదకే.

ఉన్నట్టుండి పడవ ఆగింది. నాన్న లేచి నిలబడ్డాడు.

"అరే, చాచా ఆగిపోయాడేంటి?" అన్నాడు పక్కింటి మున్నా భయ్యా. అమ్మ, చిన్నమ్మ కూడా ఒడ్డుకి వచ్చేశారు. ఎందుకాగాడో అక్కడ తెలిసింది నాకొక్కదానికే.

ఇంక ఆలోచించలేదు. పందిరి వెనక్కి పరిగెత్తి, అందరి ముందూ ఆ దెయ్యాన్ని కుండతో సహా పడదోశాను. కుండ పగిలింది. తెల్లసంచి నా చేతిలోకొచ్చింది. గుర్తు కనిపించకపోయేసరికి నాన్న కాసేపు చూసి, పడవని అవతలి ఒడ్డుకి, హోప్ టౌన్ వైపు తిప్పేశాడు. అప్పటికి అమ్మ కళ్ళు నా చేతిలో సంచి మీద ఉన్నాయి.

తర్వాత జరిగింది మీరే ఊహించుకోండి. అమ్మా చిన్నమ్మా వంతులేసుకుని ఉతికారు.

పొద్దున్నే ఆటు నీళ్ళలో నాన్న వచ్చాడు. నాతోనే కర్ర పాతించాడు. తను పడవలో కూచుని "ఎడం పక్కకి... ఇంకొంచెం... ఆఁ, పాతు" అని అరిచాడు.

"నీకెలా తెలిసింది నాన్నా?" అన్నాను.

"రెండు కర్రలూ కలిసినాయి గానీ, మీ సిన్నమ్మ పందిరి కుడి పక్కనుండాల. ఎదురుగా ఒచ్చీసింది. ఎక్కడో తేడా ఉందనుకున్నాను."

నవ్వాడు. "ముందుసూపంటే ఏటనుకున్నావే? ఒడ్డున నీలాటిది ఒకర్తుంటదని కూడా లెక్కేసుకోడం."

నేనూ నవ్వేశాను. అయిపోయింది, హమ్మయ్య అనుకున్నాను.

అవలేదు.

అంతకు ముందు నాన్న ఏదో పాట అందుకుని, తిన్నగా సందులోంచి వచ్చేసేవాడు. ఆ రోజు నుంచి రాళ్ళ ముందు తెడ్డు ఆపేవాడు. లేచి నిలబడి ఒడ్డంతా ఒకసారి చూసేవాడు. నేనెక్కడున్నానో చూసుకున్నాకే లోపలికి వచ్చేవాడు. పడవ అమ్మేసేదాకా... రోజూ అంతే. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకు పడవలో మిషనుంది. చీకటైనా వానైనా దారి అదే చెబుతుంది. మంచిదే, కాదనను. మీ ఇళ్ళల్లో ముందుచూపు అని ఎవరిని అనేవారు, దేనికి అనేవారు... రాయండి, చదువుతాను.

సాయంత్రాలు నేనింకా ఒడ్డుకి వెళ్తాను. పడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి. నేనున్నానో లేదో చూసి ఆగేది మాత్రం ఒక్కటీ లేదు...