తుంగ మడుగులో నీరుకట్టె

నా చిన్నప్పుడు చూసిన ఆ పాము, నేను కథ చెప్పినప్పుడల్లా ఒక మూర పెరుగుతుంది. ఇవాళ మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను. అది నేను చేతులు చాపినంత కూడా లేదు.

మా చిన్నాయన ఆర్మూర్‌లో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాడు. పెళ్లిళ్లలో తీయగా రీల్‌లో ఒకటో రెండో ఫొటోలు మిగిలితే, నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని పసుపు చేల అవతలి మడుగుకు తీసుకెళ్లేవాడు. అక్కడ తుంగ గడ్డిలో ఒక నీరుకట్టె పాము ఉండేది. ఒళ్లంతా గళ్లు. కప్పలు, చేపపిల్లలే దాని తిండి, విషం లేదు. మోకాళ్ల లోతు బురదలో దాని కోసం నిలబడేవాళ్లం.

"కదలకు బిడ్డా! గది పెండ్లిపిల్ల గాదు, నవ్వమంటే నవ్వనీకి" అనేవాడు.

ఒకరోజు అది బెదిరి, మెడ వెడల్పు చేసి తల పైకెత్తింది. చిన్నాయన ఫొటో తీసేశాడు. దాన్ని పెద్దది చేయించి స్టూడియో ముందరి అద్దం వెనక పెట్టి, వచ్చేపోయేవాళ్లకు చూపించి మురిసిపోయాడు.

పసుపు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు ఆగి దండం పెట్టడం మొదలుపెట్టారు.

"నాగన్న! పడగ జూడుండ్రి!" అంది ఒక ముసలవ్వ.

"పడగ గాదే అవ్వా, నీళ్లపాము. భయమైతే మెడ గట్ల చేస్తది" అన్నాడు చిన్నాయన.

"నీకేం ఎరుక పోరడా? సామి ఏడున్నడో చెప్పు" అని ఆ ముసలవ్వ చేతులు జోడించింది. కాదనలేక మడుగు దారి చెప్పాడు.

మరునాడు మేము వెళ్లేసరికి గట్టు నిండా జనం. ఎవరో పామును పట్టి బుట్టలో పెట్టారు. భక్తితో దాని నోరు తెరిచి మరీ పాలు పోశారు. చల్లిన పసుపు కింద దాని గళ్లు కనబడలేదు. అది చచ్చిపోయింది.

"కడుపునిండ తాగి పండుకున్నడు సామి" అంది అవ్వ. చిన్నాయన జనం పోయాక పామును నీళ్లలో కడిగి, తుంగ మధ్యన గుంట తీసి పూడ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు సైకిల్ ఎక్కలేదు, నడిపించుకుంటూ వచ్చాడు. చాలా దూరం వచ్చాక, "చూసింది ఎంతన్న చెప్పు బిడ్డా. ఏడున్నదో మాత్రం చెప్పకు" అన్నాడు. ఆ తర్వాత అతను పెళ్లిళ్లే తీశాడు.

ఇప్పుడు మా పెరటి కాలువలో ఒక నీరుకట్టె ఉంది. ఫోన్లు పట్టుకుని కుర్రాళ్లు పాము ఎక్కడుందని అడిగితే, నవీపేట్ దాటి గోదావరి ఒడ్డున తాటిచెట్టంత పాముందని పంపిస్తాను. పొద్దంతా వెతికి వచ్చి నన్ను తిట్టిపోస్తారు. తిట్టనిస్తాను.