పొట్టి బెంచీ

నిన్న ఆటోనగర్‌లో మా పక్క షెడ్డువాళ్లు పచ్చివేప కోస్తుంటే, ఆ చేదు వాసన తగిలి నేను చేస్తున్న పని ఆపేసి నిలబడిపోయాను. లారీ బాడీలు కట్టేవాణ్ణి, రోజంతా చెక్క మధ్యే నా బతుకు. అయినా వేప వాసన వస్తే చాలు, మస్తాన్ మాస్టారు గుర్తొస్తారు. పామర్రు దగ్గర మేం చదివిన హైస్కూల్లో ఆయన క్రాఫ్టు మాస్టారు. చెవి వెనక పెన్సిలు ముక్క, మోచేతుల దాకా రంపపు పొట్టు. మిగతా మాస్టర్లంటే మాకు భయం. ఈయన చిత్రిక పడుతుంటే మాత్రం, చెక్క మీదినుంచి ఉల్లిపొరలా లేచివచ్చే ఆ పొర కోసం ముప్ఫైమందిమీ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

మా బళ్లో ఒక ఆచారం ఉండేది. పదోతరగతి పిల్లలు వెళ్లిపోయేముందు తమ చేతులతో ఒక బెంచీ చేసి ఇచ్చి వెళ్లాలి. కింది తరగతుల్లో సగంమంది నేలమీద కూర్చునే రోజులవి. మాది డెబ్భైనాలుగు బ్యాచి. ఆ ఏడు చెక్క దొరకడమే గగనమైంది. చివరికి మా దానియేలు, వాళ్ల చర్చి ఆవరణలో గాలివానకి కూలిన చిన్న వేపచెట్టుని, అక్కడి పెద్దల్ని బతిమాలి అడిగి తెచ్చాడు. సరిగ్గా ఒక్క బెంచీకి సరిపోయింది.

నాకు చిన్నప్పటినుంచీ నోరు ఎక్కువ. వీడ్కోలు సభ రెండు రోజులుందనగా, మూడు కాళ్లు మిగతావాళ్లు కోశాక, “నాలుగోది నేను కోస్తా, జరగండెహె” అని ముందుకు దూకాను. మా కొలబద్దకి మొదటి నాలుగంగుళాలు విరిగిపోయి ఉండేవి. పద్దెనిమిది అంగుళాలు కావాలంటే ఇరవైరెండు దగ్గర గీత పెట్టాలి. ఆ సంగతి అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఆడపిల్లలు చూస్తున్నారన్న హుషారులో పద్దెనిమిది దగ్గరే గీత పెట్టి కోసేశాను. కోసిన కాలుని మిగతా మూడింటి పక్కన నిలబెడితే నాలుగంగుళాలు పొట్టి!

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల! నీకెందుకురా ఆ రంపం?” అంది మా క్లాసు రాజ్యలక్ష్మి. దానియేలు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బడికి బెంచీ ఇవ్వకుండా వెళ్లిపోయిన బ్యాచి మాదొక్కటే అవుతుంది, అదీ నా మూలంగా. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

మాస్టారు వచ్చారు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. ఆ పొట్టి కాలుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, “పదండి” అంటూ మమ్మల్నందర్నీ ఆరోతరగతి వరండాలోకి తీసుకెళ్లారు.

“ఆ బెంచీల మీద పిల్లల్ని చూడండి. ఏం కనబడుతోంది?”

పిల్లలు కూర్చుని ఎక్కాలు చెబుతున్నారు, అంతే. ముందుగా కనిపెట్టింది రాజ్యలక్ష్మే, “కాళ్లు నేలకి అందట్లేదండీ” అంది. నిజమే! ఒక్కరివీ అందట్లేదు. ఒక పిల్ల తిమ్మిరెక్కిన కాలు రుద్దుకుంటోంది. ఒకప్పుడు మా కాళ్లూ అట్లాగే వేలాడాయి, మాలో ఎవరికీ తట్టలేదు.

“నాకూ ఇవాళే కనబడింది నాయనా. పదకొండేళ్లుగా బెంచీలు చేయిస్తున్నా. అన్నిటికీ పెద్దోళ్ల కొలతే వేశాను” అన్నారాయన మెల్లగా.

తిరిగొచ్చాక రంపం నా చేతిలోనే పెట్టి, మిగతా మూడు కాళ్లూ ఈ పొట్టికాలి కొలతకే కొయ్యమన్నారు.

“నా వల్ల కాదండీ. ఇంకెవరికైనా చెప్పండి.”

“చెడగొట్టిన చెయ్యే బాగుచెయ్యాలి. వణికితే వణకనీ. గీతని చూడు, ఆడపిల్లల్ని కాదు.”

అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒక పూటంతా పట్టింది. ఆయన టీకి కూడా లేవకుండా పక్కనే కూర్చున్నారు, ఒక్కసారి కూడా రంపం మీద చెయ్యి వెయ్యలేదు.

వీడ్కోలు సభకి ఊరి పెద్దలంతా వచ్చారు. హెడ్మాస్టరు గారు బెంచీని చూసి మొహం చిట్లించి, “ఇదేంటండీ మస్తాన్ గారూ, ఇంత పొట్టిగా ఉంది? కొలత తప్పిందెవరు?” అన్నారు. లేచి నేనేనని చెప్పాల్సింది, అంత వాగుడుకాయనీ ముందువాడి వీపు చాటుకి ఒదిగాను. మాస్టారు లేచి, రోజూ చెప్పే మాటేదో చెబుతున్నట్టు చెప్పారు. “కొలత తప్పింది నేనేనండీ, పదకొండేళ్లనుంచీ. ఇదొక్కటే సరిగ్గా వచ్చింది. చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి చూడండి.”

ఆరోతరగతి పిల్లలు నలుగురు వచ్చి కూర్చున్నారు. ఎనిమిది పాదాలూ నేలకి ఆనాయి. చప్పట్లు మోగాయి, దానియేలు నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను మాత్రం మాస్టారినే చూస్తూ ఉండిపోయాను. అంత పెద్దమనిషి నలుగురిలో నిలబడి తప్పు తనదని చెప్పుకోవడం నేనెన్నడూ చూసి ఎరగను. మా నాన్న నోట వినలేదు, హెడ్మాస్టరు గారి నోటా వినలేదు.

ఇప్పుడు నా దగ్గర పన్నెండుమంది పనిచేస్తున్నారు. కొలత తేడా వచ్చి లారీ ఓనరు కేకలేస్తుంటే, “తప్పు నాదేనండీ” అంటాను. ప్రతిసారీ అంటాను. అయితే అనేముందు, ఎవరిమీదికి నెట్టేద్దామా అని ఒక్క క్షణం చుట్టూ చూస్తాను, ఈ వయసులో కూడా. ఆ రోజు సభలో తప్పు తనదని చెప్పేముందు ఆయన నావైపు చూడనైనా చూడలేదు.