తాలుకాయల ఎడారి

నా చిన్నప్పుడు, తొమ్మిదో తరగతిలో ఉండగా, మా సోషల్ మాస్టారు మాలో ఏడుగురికి తలా ఒక ఖండం పంచి, వారం తర్వాత దాని గురించి మాట్లాడమన్నారు. నాకు ఆఫ్రికా వచ్చింది. క్లాసంతా ఒకటే నవ్వు. "ఒసేయ్, సింహాలను అడిగానని చెప్పవే!" అన్నాడు వెనక బెంచీవాడు. మాస్టారూ నవ్వి, "అడవులు, ఎడారులు చెప్పు, చాలు. రాసిపెట్టుకోని వాళ్ళకు చరిత్రేముంటుంది?" అన్నారు. ఐరోపా వచ్చిన అమ్మాయిని బతిమాలి ఖండం మార్చుకుందామని అప్పుడే అనుకున్నాను.

మర్నాడు ఆదివారం. మా కల్లంలో మిరపకాయలు ఏరుతున్నాం. ఎర్రటి మంచికాయ ఒకవైపు, రంగు పోయి తెల్లబడిన తాలుకాయ ఒకవైపు. నా పక్కన నాయనమ్మ, ఆ పక్కన గుంటూరులో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన పక్కింటి అక్క. నన్ను మొదటిసారి ప్రత్తిపాడు లైబ్రరీకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఆ అక్కే. నా ఏడుపంతా విని, లేచి, పట్టా మీద కాయలతో ఒక బొమ్మ పరవడం మొదలుపెట్టింది.

పైన వెడల్పుగా, కిందికి సన్నగా ఆఫ్రికా తయారైంది. ఉత్తరాన తాలుకాయలు పరిస్తే సహారా. నడుమ వేపరెమ్మలు వేస్తే కాంగో అడవులు. దక్షిణం నుంచి ఉత్తరానికి పురికొస లాగితే నైలు నది. కుడిపక్క సముద్రంలో ఒంటరిగా ఒక పొడుగుకాయ పెట్టి మడగాస్కర్ అంది. మన దేశం లాంటివి తొమ్మిది అందులో పడతాయట. స్వాహిలి, హౌసా, యొరూబా, జులూ, ఇంకా వేలకొద్దీ భాషలట. ఇథియోపియాలో వందల ఏళ్ళుగా సొంత లిపి ఉందట. ఆఫ్రికాలోనే పడమటివైపు దేశాల్లో మాత్రం రాజుల వంశాలన్నీ కంఠతా పట్టి, వాద్యం మీటుతూ పాడే కుటుంబాలు ఉన్నాయట. తండ్రి దగ్గర బిడ్డ నేర్చుకోవడమే వాళ్ళ బడి.

"కాగితం మీద లేదుగా అక్కా, మాస్టారు ఒప్పుకోరు" అన్నాను.

"మామ్మా, మీవాళ్ళు ఈ ఊరెప్పుడు వచ్చారు?" అని అక్క నాయనమ్మను అడిగింది.

"కరువులో అద్దంకి అవతల నుంచి బండి కట్టుకుని వచ్చార్లే" అంటూ నాయనమ్మ మొదలుపెట్టింది. ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు బావి తవ్వారో, కలరా గత్తరలో ఎవరు పోయారో, తరం తర్వాత తరం చెప్పుకుపోయింది. చేతులు మాత్రం తాలు ఏరడం ఆపలేదు. ఒకచోట ఆగి, చెరువుగట్టు మీద పుట్టినవాడి పేరు మళ్ళీ సరిచేసుకుంది కూడా.

"ఇదంతా ఏ పుస్తకంలో ఉందే?" అంది అక్క నావైపు తిరిగి.

"ఎందులోనూ లేదు."

"అయితే మీవాళ్ళెవరూ పుట్టనేలేదా?"

నాకు ఒళ్ళు మండింది. అక్క మీద కాదు, మాస్టారి మాట మీద. ఐరోపా అమ్మాయి సంగతి మళ్ళీ తలచుకోలేదు. వారమంతా సాయంత్రాలు లైబ్రరీలోనే కూర్చున్నాను. ఆఫ్రికా మీద దొరికినవన్నీ చదివాను. రాసుకోలేదు, కావాలనే కంఠతా పట్టాను.

నా వంతు వచ్చింది. "కాగితమేదే?" అన్నారు మాస్టారు. లేదండీ, నోటితోనే చెబుతాను అన్నాను. కొందరు కిసుక్కుమన్నారు. ఎడారి, నది, అడవి, భాషలు దాటి, పాడే కుటుంబాల దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తారు. "పాటలు చరిత్ర కాదమ్మా. ఇక కూర్చో."

నేను కూర్చోలేదు. "మా ముత్తాత పేరు కూడా ఎక్కడా రాసిలేదండీ. మా నాయనమ్మ నోట్లోనే ఉంది. ఆయన లేడంటారా?" అన్నాను.

మాస్టారు ఎత్తిన చెయ్యి దించారు. గడియారం వైపు చూశారు. నేను చివరిదాకా చెప్పాను.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ వరసంతా నా నోట్లో ఉంది, మా పిల్లల చేత వల్లె వేయిస్తుంటాను. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివానో, ఎన్ని సభల్లో కూర్చున్నానో! ఫలానావాళ్ళకు చరిత్ర లేదని ఎవరైనా అన్నప్పుడల్లా లేచి నిలబడతాను. మాట పూర్తయ్యేదాకా కూర్చోను.