ఫిబ్రవరి లెక్కలో లేని మంద

2022వ సంవత్సరం. మా జిల్లా రెండుగా విడిపోయి పుట్టపర్తి వేరే జిల్లా కేంద్రమైన ఏడాది. ఆ జనవరిలోనే నాకు అనంతపురం బదిలీ అయింది. రోడ్ల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరును. చేరిన రోజే మా ఈఈ గారు, అంటే డివిజన్‌కంతా పెద్ద ఇంజినీరు, ఒక ఫైలు నా ముందుకు తోసి, "కొత్తవంక క్రాస్ ఇంక నీదేనమ్మా. అది దాటి ఇల్లు చేరేలోపల నాకు బీపీ లేస్తాంది" అన్నారు.

ఆయన ఉన్నమాటే అన్నారు. కొత్తవంక క్రాస్ పట్నం శివారులో నాలుగు రోడ్లు కలిసే చోటు. ఒకప్పుడు అక్కడ ఒక టీ బంకు, ఒక పంచర్ షాపు తప్ప ఏమీ ఉండేవి కావట. నేను వెళ్లేసరికి చుట్టూ వెంచర్లు లేచాయి, రెండు కాలేజీలు వచ్చాయి. పొద్దున తొమ్మిదింటికి కాలేజీ బస్సులు, టమాటా బొలేరోలు, ఆటోలు, పిల్లల్ని ముందూ వెనకా ఎక్కించుకున్న బైకులు అన్నీ ఒకేసారి నేను ముందంటే నేను ముందంటాయి. రోడ్డు వెడల్పు చేసే పని అప్పటికే మంజూరై కాంట్రాక్టరు చేతికి వెళ్లింది. డివైడర్ ఎక్కడ కట్టాలి, ఎక్కడ తెరిచి వదలాలి, సిగ్నల్ ఏ దిక్కుకు ఎంతసేపు ఇవ్వాలి అన్నది తేల్చడం నా పని.

దానికి ముందు ట్రాఫిక్ కౌంట్ చేయాలి. నాలుగు దిక్కులా మనుషుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, పోయే వచ్చే ప్రతి బండికీ కాగితం మీద ఒక గీత పెట్టించడమే కౌంట్. తర్వాత ఆ గీతల్ని పీసీయూల్లోకి మారుస్తాం. కారును ఒకటి అనుకుని, మిగతా బండ్లు రోడ్డు మీద ఎంత చోటు తింటాయో దానితో పోల్చి చెప్పే కొలత అది. నెమ్మదిగా పోతుంది కాబట్టి ఎద్దులబండికి అందులో కారు కంటే చాలా పెద్ద లెక్క ఉంటుంది. గొర్రెకు మాత్రం ఆ కాగితంలో అసలు గడే లేదు. అప్పట్లో ఆ సంగతి నాకు తట్టలేదు.

ఫిబ్రవరిలో ఏడు రోజులు కౌంట్ చేయించాను. నేనూ గొడుగు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. నా లెక్క తప్పంటే ఆ కోపం ముక్కు దిగి నోట్లోకి వస్తుంది. అంత జాగ్రత్తగా చేసిన కౌంట్ అది. ఆ లెక్క ప్రకారమే క్రాస్‌కు రెండు వైపులా డివైడర్ గీశాను. బైకులవాళ్లు మధ్యలో దూరకుండా దాని మీద నడుమెత్తు ఇనుప గ్రిల్ పెట్టించాను. దాటాలంటే సిగ్నల్ దగ్గరే దాటాలి. జూన్ చివరికి క్రాస్ దగ్గర పని పూర్తయింది. అంతకుముందు పావుగంట పట్టే క్రాస్ రెండు నిమిషాల్లో దాటుతుంటే ఈఈ గారు తన బీపీ మాత్ర సగం చేశానని నాతో చెప్పారు. నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

జూలైలో రెండు వానలు పడ్డాయి. ఆ మరుసటి వారం పొద్దున తొమ్మిదింపావుకు కాంట్రాక్టరు సూపర్‌వైజర్ రఫీ ఫోన్ చేశాడు. "మేడం, జల్దీ రాండి. క్రాస్‌లో గొర్లు ఇరుక్కున్న్యాయి."

వెళ్లి చూస్తే నా సిగ్నల్ కింద నూటయాభై దాకా గొర్రెలు. పచ్చ లైటు పడితే సగం మంద దాటింది. మిగతా సగం దాటేలోపల ఎర్ర లైటు పడి బస్సులు కదిలాయి. అవతల తల్లులు, ఇవతల పిల్లలు, ఒకదాన్నొకటి చూసుకుని ఒకటే అరుపులు. మధ్యలో కంబళి భుజాన వేసుకున్న అరవై ఏళ్ల మనిషి ఒక గొర్రెపిల్లను చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఏదో స్కూటర్ తగిలి దాని ముందుకాలు విరిగింది. అతని పేరు మారెన్న, ఇవతల పక్కనున్న పల్లె మనిషి. అవతల గుట్టలు అతని మంద మేసే చోటు.

నాకు అయ్యో అనిపించింది గానీ నోట్లోంచి వచ్చింది వేరు. "చూసుకుని తోలొద్దా? ఇంత పెద్ద రోడ్డు మీదికి మందను తెస్తారా ఎవరైనా?"

మారెన్న నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "నేను తేలేదమ్మా. రోడ్డే నా దావలోకి వచ్చింది. నేను పోయినప్పుడు ఈడ దావ ఉండె. వచ్చేతలికి గోడ ఉండాది."

"ఏడు రోజులు లెక్క పెట్టినాం. నువ్వు ఒక్కరోజు కూడా కనపడలేదే!"

"యా నెలలో పెట్టినారు?"

"ఫిబ్రవరిలో."

అతను నవ్వాడు. కోపంతో కూడా కాదు, తెలివితక్కువ పిల్లను చూసి నవ్వినట్టు. "ఫిబ్రవరిలో మేము తుంగభద్ర కాలవ కింద ఉంటిమి గదమ్మా. సంకురాత్రి పోయినాక ఈడ గడ్డి యాడుంటాది? గొర్లు నీ సిమెంటు తింటాయా? మళ్లా వానలు పడినాకే మేము ఊరికొచ్చేది."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. నేను పుట్టి పెరిగింది గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో. మందలు వలస పోతాయని వినడమే గానీ, ఏ నెలలో పోతాయో ఏ నెలలో వస్తాయో ఏనాడూ అడిగినదాన్ని కాదు. లెక్కలో తప్పు లేదు. లెక్క పెట్టిన నెలే తప్పు.

"పోనీ బండ్లు తక్కువుండే ఏడింటికే దాటించు" అన్నాను.

"గడ్డి మింద తడి ఆరకుండా మేపితే గొర్రె కడుపులో పురుగు పడుతుందమ్మా. ఎండ పొడిసినాకే పోవల్ల" అన్నాడు. తర్వాత పిల్లను భుజాన వేసుకుంటూ, అరవకుండా, నన్ను నిందించకుండా చెప్పాడు. "దసరా దాకా చూస్తా. దావ లేకపోతే శనివారం సంతకు తోలేస్తా అన్నిట్నీ. మా నాయన నాటి మంద ఇది. లారీల కింద చచ్చేది నేను చూడలేను."

ఆ రాత్రి అన్నం సహించలేదు. గుంతకల్లుకు ఫోన్ చేసి నాయనకు చెప్పుకున్నాను. నాయన రైల్వే గేట్‌మ్యాన్‌గా రిటైరైన మనిషి. అంతా విని, "గేటు ఎవురైనా వేస్తారు పాపా. తెరిసేదే డ్యూటీ" అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఈఈ గారిని అడిగాను, మారెన్న ఇదివరకు దాటే చోట డివైడర్‌కు చిన్న ఓపెనింగ్ ఇద్దామని. ఆయన ఒప్పుకోలేదు. "ఇచ్చిన మర్నాడే బైకులన్నీ ఆడే తిరుగుతాయి. గొర్లను కాపాడబోయి మనుషుల్ని చంపుతామా?" అన్నారు. ఆ మాటా నిజమే. కాదనలేక బయటికి వచ్చాను.

అప్పటికి చేయగలిగింది ఒకటే. పొద్దున, సాయంత్రం రఫీ ఒక దిక్కు, నేను ఒక దిక్కు ఎర్రజెండాలు పట్టుకుని బండ్లు ఆపేవాళ్లం. హారన్లు, తిట్లు. "మేడం, గొర్లకు కూడా ఎస్కార్టా?" అని కాలేజీ పిల్లల వెటకారం. మారెన్న మాత్రం ఆ తిట్లన్నీ తనకే తగులుతున్నట్టు తల వంచుకుని దాటేవాడు. అది నాకు నచ్చలేదు. వాళ్ల తాతల నాటి నుంచి నడిచిన దారిలో ఆ మనిషి దొంగలా నడుస్తున్నాడు.

ఒక ఆదివారం అతని వెంట నడిచాను, ఇంకెక్కడైనా దారి ఉందేమో చూద్దామని. క్రాస్‌కు రెండు వందల గజాల దూరంలో రోడ్డు కింద వంక పోతుంది. అక్కడ రోడ్డు బాగా ఎత్తు. వంక నీళ్ల కోసం అడుగున పాత సిమెంటు పైపులు రెండు ఉన్నాయి, ముళ్లకంపతో సగం పూడిపోయి. రోడ్డు వెడల్పయింది కాబట్టి ఆ పైపుల్ని తీసి పొడుగైనవి వేయడం మా పనిలో ఎలాగూ మిగిలే ఉంది. మారెన్న వంగి పైపులోకి తొంగి చూసి, "కుక్క పోతాది, గొర్రె పోదు" అన్నాడు. నేను అక్కడే వంకలో చతికిలబడి నోట్‌బుక్ తీశాను. పైపుల బదులు బాక్స్ కల్వర్టు కడితే? అంటే నలుచదరపు కాంక్రీటు గది లాంటిది, రెండు వైపులా తెరిచి, లోపల మనిషి నిలబడేంత ఎత్తు ఉంటుంది. నీళ్లొస్తే నీళ్లు పోతాయి, నీళ్లు లేనప్పుడు మంద పోతుంది.

కొత్త డ్రాయింగ్ తీసుకుని, మారెన్నను కూడా వెంటబెట్టుకుని ఈఈ గారి గదికి వెళ్లాను. ఆయన చాలాసేపు చూశారు. "బాగానే ఉండాది. వంక పారితే ఏం చేస్తావప్పా?" అని మారెన్నను అడిగారు.

"సార్, మా వంక పారిన దినం ఊరు ఊరంతా టెంకాయ తీసుకోని చూసేదానికి పోతాం. ఆ దినం మందను ఎవురు తోలుతారు?"

ఈఈ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయనా ఈ కరువు సీమ మనిషే. నవ్వుతూనే సంతకం పెట్టారు.

దసరాకు ఇంకా నాలుగు రోజులుందనగా కల్వర్టు తయారైంది. ఈఈ గారు చూడ్డానికి వస్తున్నారని రఫీ లోపలంతా కడిగించి, గోడలకు తెల్లసున్నం కొట్టించి, ముందర ముగ్గు కూడా వేయించాడు. పెళ్లిపందిరి ఒక్కటే తక్కువ. మారెన్న మందను తోలుకొచ్చాడు. ముందు నడిచే మేకపోతు కల్వర్టు ముందర ఆగి, నేల వాసన చూసి, వెనక్కి తిరిగింది. దాని వెనకే నూటయాభై గొర్రెలూ తిరిగాయి. రఫీ మేకపోతు చెవులు పట్టుకుని లాగాడు. నేను వెనక నుంచి అదిలించాను. ఊహూ. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు, ఇంజినీరును మాత్రం నమ్మదు. ఈఈ గారు గడియారం చూసుకున్నారు. ఇంత కట్టి ఇవి పోకపోతే? శనివారం సంత నా కళ్ల ముందు కనిపించింది.

మారెన్న కర్ర ఎత్తలేదు. గట్టు మీద కూర్చుని, "గమ్మునుండండప్పా" అన్నాడు. "దాని తప్పు కాదు. మీరు కడిగేసినారు. గొర్రెకు తన వాసన కావల్ల. తెల్లగా మెరిసే నేల మింద కాలు పెట్టమంటే భయపడదా?"

"అయితే ఏం చేద్దాం మారెన్నా?"

"మా దొడ్లో పెంటికలు ఉన్న్యాయి. నాలుగు గంపలు తెచ్చి పరిస్తే సరి."

అలా, ఈఈ గారి కళ్లెదురుగా, నా కొత్త కాంక్రీటు నేల మీద, ముగ్గు మీద కూడా, నాలుగు గంపల గొర్రె పెంటికలు పరిచాం. రెండు గంపలు రఫీ మోశాడు, రెండు నేను మోశాను. ఇంకో రెండు గంపలు సున్నం గోడల అడుగున చల్లాం. మేకపోతు మళ్లీ వచ్చి వాసన చూసింది. ఒక కాలు పెట్టింది. చెవులు ఆడించి లోపలికి నడిచింది. వెనకే ఒకటి, రెండు, పది, ఇక ఆగలేదు. పైన బస్సులు పోతూనే ఉన్నాయి, కింద మంద పోతూనే ఉంది. ఆఖరున, విరిగిన కాలు అతుక్కున్నా ఇంకా కుంటుకుంటూ ఆ గొర్రెపిల్ల పోయింది. నాకు ఏడుపొచ్చింది. చీర కొంగు నిండా పెంటికల మట్టి, దానితోనే కళ్లు తుడుచుకున్నాను. ఎవరు చూస్తే నాకేం.

ఆ తర్వాత నాలుగైదు క్రాసులు చేశాను. ఇప్పుడు ఎక్కడ కౌంట్ పెట్టినా, కుర్చీలు వేయించకముందే అక్కడి టీ బంకు దగ్గర కూర్చుని ఒక ప్రశ్న అడుగుతాను. "ఈ నెలలో ఊర్లో లేనోళ్లు ఎవరెవరు?" మొదట నన్ను వింతగా చూస్తారు. తర్వాత వేళ్లు మడిచి చెప్పడం మొదలుపెడతారు. మందలతో పోయినవాళ్లు, బెంగుళూరు కూలికి పోయినవాళ్లు, సెలవులకు పోయిన హాస్టలు పిల్లలు. రోడ్డు వాళ్లది కూడా. లెక్కపెట్టే రోజు అక్కడ లేనంత మాత్రాన వాళ్లు లేనట్టు కాదు. చదువులో ఎవరూ చెప్పని ఈ పాఠం నాకు మారెన్న నేర్పాడు.

అన్నట్టు, కల్వర్టు కట్టిన మరుసటి జనవరిలో ఒకరోజు ఆఫీసు గుమ్మం బయట చెప్పులు విడిచి మారెన్న లోపలికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కంబళి సర్దుకుని, ఎంతో పెద్ద పని మీద వచ్చినవాడిలా చెప్పాడు.

"మేడమ్మా, ఎల్లుండి కాలవ కిందికి పోతాండాం. మళ్లా వానలకే వచ్చేది. ఈలోపల ఏమన్నా కట్టేదుంటే ఇప్పుడే చెప్పు."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "నువ్వు వచ్చేదాకా ఒక్క రాయి కూడా పెట్టను మారెన్నా. పోయిరా" అన్నాను.