కుంపట్లో నేలబొగ్గు

శుక్రవారం సాయంత్రం సరిగ్గా అయిదున్నరకు కోడి ముక్కలకు మసాలా పట్టించాను. తొంభైల మొదట్లో మావారు ఒమాన్‌లోని నిజ్వాలో సైన్సు మాస్టారు. ఆయన కాంట్రాక్టు పొడిగించాల్సిన ప్రిన్సిపాల్ గారు, ఆయనా తెలుగువారే, ఆరోజు మా ఇంటికి భోజనానికి వచ్చారు. డాబా మీద ముక్కలు కాలుస్తుండగా కట్టెబొగ్గు అయిపోయింది. పిల్లలకు చూపించడానికి కొత్తగూడెం నుంచి తెచ్చుకున్న నేలబొగ్గు గడ్డను మావారు పగలగొట్టి కుంపట్లో వేశారు.

"కోట్ల ఏళ్ల కిందట బురదలో కూరుకుపోయిన అడవి సార్ ఇది! పైనున్న మట్టి బరువుకి, లోపలి వేడికి ఇలా అయింది."

"ఏవండీ, కంపు కొడుతోంది," అన్నాను.

"గంధకంలే. కొంచెం ఉంటుంది."

కొంచెం కాదు. నల్లటి పొగ డాబా అంతా కమ్మేసింది. కింద ఉండే ఒమానీ యజమాని "ఆగ్! ఆగ్!" అని, నిప్పంటుకుందని హిందీలో అరుస్తూ పరుగెత్తుకొచ్చి బకెట్ నీళ్లు కుమ్మరించాడు. సగం కుంపటి మీద, సగం ప్రిన్సిపాల్ గారి మీద పడ్డాయి.

ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "పాఠం బాగుంది మాస్టారూ. ఇంతకీ పెరుగన్నం ఉందామ్మా?"

కాంట్రాక్టు పొడిగించారు.

మావారు పోయి మూడేళ్లు. ఏ వస్తువు ఎలా పుట్టిందో అడక్కుండానే చెప్పేవాళ్లు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ లేరు.